చావడికి తలుపులెందుకు?

"మీకిక్కడ ఏమి పని?" మన దేశంలోని చారిత్రక నగరపాలక భవనాలలోను, ప్రాచీన న్యాయస్థానాలలోను అడుగుపెట్టబోయే పౌరునికి ద్వారం వద్ద ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. వ్యాజ్యం ఉన్నదని చెప్పినవానికి దారి దొరుకుతుంది. పన్ను చెల్లించవచ్చానని చెప్పినవానికీ దొరుకుతుంది. "ఊరకే చూడవచ్చాను, కూర్చుండి వినవచ్చాను" అన్నవానిని మాత్రం కావలివారు అనుమానంగా చూస్తారు. కావలివారి తప్పు ఇందులో ఏమీ లేదు. చూడడం, వినడం అన్నవి కూడా ఈ భవనాలలో పౌరునికి గల పనులేనని వారికి చెప్పవలసినవారు చెప్పలేదు. ఆ చెప్పకపోవడం పైననే ఈ వ్యాసకర్త ఆక్షేపణ.

ఉదాహరణకు చెన్నపట్నాన్నే తీసుకొందాం. అక్కడి ఉన్నత న్యాయస్థాన భవనం, సెంట్రల్ రైలు సముదాయం ప్రక్కన గల రిప్పన్ భవనం, దానిని ఆనుకొని ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలు, ఈ మూడూ ఒక్క ఉదయంలో చూడదగినంత దగ్గరగా ఉన్నవి. తెలుగు పాఠకులకు ఈ భవనాలు పరాయివి కావు. 1954 జులైలో గుంటూరులో ఆంధ్ర ఉన్నత న్యాయస్థానం ఏర్పడేవరకు కోస్తా, రాయలసీమ ప్రాంతాల వ్యాజ్యాలకు తుది గమ్యం ఆ ఎర్రరాతి, ఎర్ర ఇటుకల సౌధమే. దాని ప్రథమ భారతీయ ప్రధాన న్యాయమూర్తి పాకాల వెంకట రాజమన్నారు 1948 నుంచి 1961 వరకు ఆ పీఠాన్ని అధిష్ఠించినవారు. 'తప్పెవరిది' అన్న తెలుగు నాటకాన్ని వ్రాసిన రాజమన్నారు ఆయనే.

న్యాయస్థాన భవనాన్ని బ్రాసింగ్టన్ రూపకల్పన చేయగా, హెన్రీ ఇర్విన్ పూర్తిచేసినాడు. 1892లో ప్రారంభమైంది. ఇండో-సారసెనిక్ శైలి అని చరిత్రకారులు పిలిచే ఈ నిర్మాణపద్ధతిలో ఇంతటి విస్తారం గల భవనాలు మన దేశంలో తక్కువ. గుమ్మటాల మీద గుమ్మటాలు, కమానుల వెనుక కమానులు, మెట్లవరుసలు, రంగుటద్దాల కిటికీలు, చెక్కుడు పనితనం గల పైకప్పులు కనిపిస్తాయి. ఎండాకాలంలో సైతం చల్లగా ఉండే వసారాలలో నడుస్తుంటే, దీనిని కట్టినవారు మనుష్యుల గుంపులను ఊహించుకొనే కట్టినారని తెలిసిపోతుంది. ఇంత పొడవైన వసారాలు న్యాయమూర్తుల కోసం కావు. వేచి ఉండేవారి కోసం. 1894 నుంచి 1977 వరకు ఈ భవనపు ప్రధాన గుమ్మటం మీదనే ఓడలకు దారి చూపే దీపం వెలిగేది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మను యుద్ధనౌక ఎమ్‌డెన్ నగరంపై గుండ్లు కురిపించినపుడు ఈ ఆవరణ కూడా దెబ్బతిన్నది. ఆవరణలోనే అంతకు పూర్వపు దీపస్తంభం, గ్రీకు స్తంభం ఆకారంలో, ఇప్పటికీ నిలిచి ఉన్నది.

ఈ భవనం క్రింది నేలకు ఇంకా పాత కథ ఒకటి ఉన్నది. 18వ శతాబ్ది మధ్యభాగం వరకు అక్కడ పాత నల్లపట్నం ఉండేది. తెలుగు వర్తకుల ఇళ్లు, అంగళ్లు, 17వ శతాబ్దంలో బేరి తిమ్మన్న కట్టించిన చెన్నకేశవస్వామి ఆలయం ఆ నేలపైనే ఉండేవి. ఫ్రెంచివారితో యుద్ధకాలంలో కోట చుట్టూ ఖాళీ మైదానం కావలెనని కుంఫిణీవారు ఆ ఊరిని నేలమట్టం చేసినారు. గుడికి వేరొకచోట స్థలమిచ్చినారు. నేటి పూలబజారు దగ్గరి ఆలయం అదే. ఒక ఊరిని తొలగించి ఏర్పరచిన ఖాళీలో న్యాయమందిరం వెలసింది. అటువంటి చోట ఆ ఊరివారి వారసులను "ఏమి పని?" అని అడగడం చరిత్ర తెలిసినవారికి కొంచెం చేదుగానే ఉంటుంది.

నగరసభ, న్యాయసభ అన్నవి వేరువేరు అన్న భావన కూడా ఈ నగరానికి తరువాత వచ్చినదే. 1687 డిసెంబరులో కుంఫిణీ జారీచేసిన సనదు ప్రకారం 1688 సెప్టెంబరు 29న చెన్నపట్నం నగరపాలక సంస్థ ఏర్పడినపుడు మేయరు, 12 మంది ఆల్డర్‌మెన్లు నగరాన్ని పాలించేవారు. వారే మేయరు కోర్టుగా కూర్చుండి వ్యాజ్యాలను విచారించేవారు. ఆ తొలి ఆల్డర్‌మెన్లలో ఆంగ్లేయులతోపాటు పోర్చుగీసువారు, యూదులు, చిన్న వెంకటాద్రి వంటి తెలుగు వర్తకులు ఉన్నారు. దానికి ముందునుంచీ నల్లపట్నపు ప్రజల చిన్న చిన్న తగవులు తీర్చేందుకు మరొక న్యాయస్థానం ఉండేది. దాని పేరు చౌల్ట్రీ కోర్టు. చౌల్ట్రీ అన్నది మన 'చావడి'కి ఆంగ్లేయుల నాలుకపై వచ్చిన రూపాంతరమే. చావడి అంటే తెలుగువానికి చెప్పనక్కర లేదు. కరణం దస్త్రాలు విప్పేది అక్కడ, శిస్తు జమ అయ్యేది అక్కడ, పెద్దలు తగవు తీర్చేది అక్కడ, బాటసారి నడుము వాల్చేదీ అక్కడనే. పరిపాలనకు, న్యాయానికి కలిపి ఒకే కప్పు. దానికి తలుపులుండేవి కావు.

అయితే మన పూర్వపు చావడి అందరిదీ కాదు. గ్రామంలో ఎవరు అరుగు ఎక్కవచ్చునో, ఎవరు వీధిలో దూరంగా నిలబడి చేతులు కట్టుకొని వినవలెనో కులం నిర్ణయించేది. ఆ చావడిని తిరిగి తెమ్మని ఎవ్వరూ కోరరు, కోరగూడదు. రాజ్యాంగం వెలువడిన తరువాతి నగరసభకు, న్యాయస్థానానికి గల గొప్పతనం సరిగ్గా ఇక్కడనే ఉన్నది. ఆ అరుగు ఎవరైనా ఎక్కవచ్చునని చట్టం ప్రకటించింది. చావడికి లేని ఈ గుణం కొత్త భవనాలకు ఉన్నది గనుకనే అవి ద్వారం దగ్గర దానిని పోగొట్టుకొంటున్న తీరు మరింత బాధాకరం.

చట్టం ఈ విషయంలో ఏమీ దాపరికం చూపలేదు. సివిలు ప్రక్రియా స్మృతి 153-బి విభాగం, క్రిమినలు ప్రక్రియా స్మృతి 327వ విభాగం, దాని స్థానంలో 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 366వ విభాగం, ఇవన్నీ విచారణ జరిగే చోటు బహిరంగ న్యాయస్థానమని, అందులో పట్టినంతవరకు సామాన్య ప్రజలకు ప్రవేశం ఉన్నదని చెబుతున్నవి. కొన్ని విచారణలు రహస్యంగా జరుగవలెనన్న మినహాయింపులు కూడా అక్కడే వ్రాసి ఉన్నవి. అవి న్యాయమైనవి, వాటితో పేచీ లేదు. 1966లో మిరాజ్‌కర్ వ్యాజ్యంలో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, బహిరంగ విచారణయే న్యాయవ్యవస్థ పట్ల ప్రజావిశ్వాసానికి పునాది అని స్పష్టం చేసింది. 2018లో సుప్రీంకోర్టు ప్రత్యక్షప్రసారాలకు అనుమతినిస్తూ అదే సూత్రాన్ని మరొకసారి గట్టిగా చెప్పింది. కాబట్టి "నాకు వ్యాజ్యం లేదు, వినవచ్చాను" అన్నవాడు దయను యాచించడం లేదు. చట్టంలో ఉన్న మాటను చెబుతున్నాడు.

దీనికి భిన్నంగా చెన్నపట్నపు న్యాయస్థానంలో ఆంగ్లేయుల కాలం నుంచి వస్తున్న ఒక వింత ఆచారం ఉన్నది. సంవత్సరంలో ఒక రోజు ఆవరణ ద్వారాలన్నిటిని మూసివేస్తారు. ఆ రోజు న్యాయవాదులకు, కక్షిదారులకు కూడా ప్రవేశం లేదు. ప్రజలు నిరంతరాయంగా చిరకాలం నడచిన బాటపై వారికి ఈజ్‌మెంట్ హక్కు సంక్రమిస్తుందన్న న్యాయసూత్రం ఉన్నది గదా, అది సంక్రమించకుండా ఏటేటా ఒక్కరోజు అడ్డుకట్ట వేస్తారు. ప్రాంగణం గుండా ఒక వీధినుంచి మరొక వీధికి పోయేవారు, "ఇది మా దారి" అనకుండా చేయడమే దీని ఉద్దేశం. ఆస్తి సంరక్షణకు ఇది తెలివైన ఉపాయమే కావచ్చు. కాని వలస ప్రభుత్వం తన ఆస్తిని ప్రజల నుంచి కాపాడుకొనేందుకు కనిపెట్టిన ఉపాయాన్ని, ఆ ఆస్తికి ప్రజలే యజమానులైన తరువాత కూడా భక్తితో పాటించడంలోని అంతరార్థం ఏమిటి? మూసినది ఒక్కరోజే అయినా, ఆ రోజు చెప్పే మాట ఏడాది పొడవునా ద్వారం దగ్గర వినిపిస్తూనే ఉన్నది: మీరు రావచ్చును, అది మా అనుమతి, మీ హక్కు కాదు.

అదే ప్రాంగణంలో మనునీతి చోళుని విగ్రహం కూడా ఉన్నది. కన్నకొడుకు రథం క్రింద దూడ మరణించగా, తల్లిఆవు వచ్చి గంట లాగిందని, రాజు దానికి న్యాయం చేసినాడని ఆయనను గురించిన కథ. ఆవు గంట లాగడానికి గుర్తింపు చీటీ అడిగినట్లు ఆ కథలో ఎక్కడా లేదు.

భద్రత మాటేమిటని వెంటనే అడుగుతారు. అడుగవలసినదే. ఆ ఆవరణలో 2009లో న్యాయవాదులకు, పోలీసులకు జరిగిన ఘర్షణ దేశమంతటికీ తెలుసు. 2015 నవంబరులో అక్కడి భద్రతను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగించినారు. తనిఖీ అవసరం లేదని ఈ వ్యాసకర్త అనడం లేదు. అయితే తనిఖీ వేరు, ప్రయోజనాన్ని ప్రశ్నించడం వేరు. అలిపిరి దగ్గర యాత్రికుని సంచి విప్పి చూస్తారు, బండి ఆపి వెదకుతారు, "కొండకు ఎందుకు పోతున్నావు?" అని ఎవ్వరూ అడుగరు. సంచిలో ఏమున్నదో తెలుసుకొనేందుకు రాజ్యానికి అధికారం ఉన్నది. మనసులో ఏమున్నదో చెప్పమనేందుకు లేదు. భద్రత పేరుతో ఈ రెండింటినీ కలిపివేయడం వలన సౌకర్యం కలిగేది భద్రతకు కాదు, పాలకుల ఏకాంతానికి.

ప్రత్యక్షప్రసారం ఉన్నది గదా, ఇంట్లో కూర్చుండి చూడవచ్చును గదా అన్నది రెండవ వాదం. ప్రసారం మంచిదే, శ్రీకాకుళంలో ఉన్నవారు అమరావతిలోని విచారణను వినగలగడం చిన్న విషయం కాదు. కాని తెర మీద కనిపించేది యంత్రపు కన్ను ఎటు తిరిగి ఉన్నదో అటువైపే. వెనుక బల్లపై కూర్చున్న వృద్ధురాలు, తన వంతు ఎప్పుడు వచ్చునోయని గుమస్తా ముఖం చూస్తున్న రైతు, వాయిదా పడినదని తెలిసి ఏమీ అర్థం కాక నిలబడిపోయిన మనిషి తెరపై కనిపించరు. న్యాయం ఎవరికి ఎంత ఆలస్యమవుతున్నదో తెలిసేది ఆ వెనుకబల్లల దగ్గరనే. పైగా వాదనలన్నీ ఆంగ్లంలో. తలుపు తెరచినంతమాత్రాన అవి కక్షిదారునికి అర్థమైపోవు. రాజ్యాంగం 348వ అధికరణం మీద జరుగవలసిన ఆ చర్చ వేరు, దానికి మరొక వ్యాసం కావలె. ఐనా తన భాషలో జరుగని విచారణను ఒకసారి స్వయంగా కూర్చుండి విన్నవానికే, ఆ చర్చ ఎందుకు అవసరమో కూడా తెలుస్తుంది.

ఇక రిప్పన్ భవనం. 1909లో మింటో శంకుస్థాపన చేయగా 1913లో హార్డింజ్ ప్రారంభించినాడు. తెల్లని ఆ భవనానికి రూపశిల్పి హారిస్, కట్టినవాడు లోగనాథ మొదలియారు. ముందు పిట్టి త్యాగరాయ శెట్టి విగ్రహం ఉన్నది. తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టి, ఆ నగరసభకు అధ్యక్షుడైన తొలి అనధికార భారతీయుడాయన. భవనానికి రిప్పన్ పేరు పెట్టడం ఊరక జరుగలేదు. 1882 మే 18 నాటి తీర్మానంలో రిప్పన్ ప్రభుత్వం స్థానిక స్వపరిపాలనను సమర్థిస్తూ, దానివలన పరిపాలన వెంటనే మెరుగుపడుతుందని వాదించలేదు. ప్రజలకు రాజకీయ విద్య గరపే సాధనమనే ప్రధానంగా వాదించింది. అనగా నగరసభ ఒక పాఠశాల అని. మరి పాఠశాలలో విద్యార్థులు ఎక్కడ? అధికార సమావేశాలు, దస్త్రాలు, టెండర్లు అన్నీ లోపల ఉన్నవి. పండుగలకు, జాతీయ దినోత్సవాలకు భవనం మీద రంగురంగుల దీపాలు వెలుగుతాయి. జనం ఎదుటి రోడ్డుపై నిలబడి ఫోటోలు తీసుకొని పోతారు. వారసత్వమంటే బయటనుంచి చూసే దీపాల తోరణం అన్న అభిప్రాయం ఇలాగే బలపడుతున్నది. సున్నపు గారతో పాత గోడలను శ్రద్ధగా బాగుచేసినారు, మెచ్చుకొనవలసిందే. ముందుగా పేర్లు నమోదు చేసుకొన్నవారికి, విద్యార్థులకు అప్పుడప్పుడు భవనం చూపుతున్నారు, అదీ మంచిదే. కాని గోడను చూపడం, సభను చూపకపోవడం ఎట్టి సందర్శనం?

దీపాల వెలుగు కప్పిపుచ్చే విషయం మరొకటి ఉన్నది. 1973 నుంచి 1996 వరకు, ఇరవైమూడేండ్లపాటు, ఆ భవనంలో ఎన్నికైన పాలకవర్గమే లేదు. తిరిగి 2016 అక్టోబరు నుంచి 2022 మార్చి వరకు లేదు. గడియారం తిరుగుతూనే ఉన్నది, దీపాలు వెలుగుతూనే ఉన్నవి, సభామందిరం మాత్రం ఖాళీ. ఇది ఒక్క చెన్నపట్నపు సంగతి కాదు. విశాఖపట్నం మహానగరపాలక సంస్థకు 2012లో గడువు తీరితే మళ్లీ ఎన్నికలు జరిగినది 2021లో. ముంబయి నగరపాలక సంస్థ 2021 జనవరిలో తన చారిత్రక భవనంలో సందర్శకులకు వారసత్వ నడకను ప్రారంభించింది. దేశంలో ఇటువంటి ప్రయత్నాలలో మేలైనది. మరుసటి సంవత్సరం మార్చిలో అక్కడి పాలకవర్గం గడువు ముగిసిపోయింది, సంవత్సరాల తరబడి ఎన్నికలు లేవు. సందర్శకులకు చూపిన సభామందిరంలో సభ్యులు లేరు! 73, 74వ రాజ్యాంగ సవరణలు వచ్చిన తరువాత కూడా ఐదేండ్లకొకసారి జరుగవలసిన ఎన్నిక దాటిపోతే, ప్రజల నుంచి పెద్ద అలజడి ఏదీ రాకపోవడానికి కారణం కొంతవరకు ఇదే. ఎన్నడూ లోపలికి రానివ్వని ఇంట్లో పీఠం ఖాళీగా ఉన్నదని బయటివానికి ఎట్లా తెలుస్తుంది?

ప్రక్కనున్న విక్టోరియా పబ్లిక్ హాలు చరిత్ర దీనికి పూర్తిగా భిన్నం. అది సర్కారు కట్టినది కాదు, పౌరులు చందాలు వేసుకొని కట్టుకొన్న పురమందిరం. 1883లో విజయనగరం మహారాజు ఆనంద గజపతి దానికి శంకుస్థాపన చేసినారు, చిషోమ్ రూపకల్పన. 1891లో బళ్లారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యుల సరసవినోదినీ సభ వారు వచ్చి అక్కడ తెలుగు నాటకాలు ఆడగా, వాటిని చూచి ఉత్తేజితుడైన పమ్మళ్ సంబంధ మొదలియారు సుగుణవిలాస సభను స్థాపించి ఆధునిక తమిళ నాటకరంగానికి ఆద్యుడైనాడు. ఒక భాషవారి నాటకం మరొక భాషవారి రంగస్థలాన్ని మేల్కొలిపిన చోటు అది. తరువాత దశాబ్దాల తరబడి ఆ భవనం పాడుపడి ఉన్నది, పునరుద్ధరణకు నగరపాలక సంస్థ కోట్లు వెచ్చించింది. నాటకాలకు, సభలకు సామాన్యుడు భరించగల అద్దెకు దానిని ఇస్తేనే ఆ ఖర్చు సార్థకం. ప్రదర్శనశాలగా మార్చి టిక్కెట్టు పెడితే, చక్కగా అలంకరించిన మరొక మూసిన తలుపు అవుతుంది.

హైదరాబాదు విషయం ఇప్పుడు అత్యవసరమైనది. మూసీ ఒడ్డున విన్సెంట్ ఎష్ పర్యవేక్షణలో నిర్మితమై, 1920లో ప్రారంభమైన ఉన్నత న్యాయస్థాన భవనానికి 2009 ఆగస్టులో అగ్నిప్రమాదం సంభవించింది. స్థలం చాలడం లేదన్న మాట నిజమే. 2024లో రాజేంద్రనగర్ ప్రాంతంలో 100 ఎకరాలు కేటాయించి, మార్చి 27న కొత్త భవనానికి శంకుస్థాపన చేసినారు. పాత భవనాన్ని నగర న్యాయస్థానాలకో, ఇతర న్యాయస్థానాలకో వినియోగించాలన్న ఆలోచన మొదటినుంచీ వినవస్తున్నది. ఆ ఆలోచన దారి తప్పకుండా చూడవలసిన బాధ్యత అందరిదీ. మదీనా, అఫ్జల్‌గంజ్ బస్సులు దిగి నడచివచ్చే కక్షిదారునికి ఆ భవనం అందుబాటులో ఉన్నంతకాలమే అది న్యాయస్థానం. "వారసత్వ ప్రదర్శనశాల" అన్న గౌరవనామం తగిలించి, తీగకంచె వెనుక ఉంచితే అది గుమ్మటాలు గల గిడ్డంగి. చెన్నపట్నంలో న్యాయస్థానం ప్రక్కనే శతాబ్దానికి పైగా నడచిన న్యాయ కళాశాలను 2018లో ఊరికి దూరంగా తరలించినారు. తరగతి ముగిసిన వెంటనే పోయి విచారణ వినగలిగిన విద్యార్థి నేడు అందుకొక రోజు కేటాయించుకొనవలసి వస్తున్నది.

చేయవలసినది బ్రహ్మాండమైనదేమీ కాదు. సుప్రీంకోర్టు 2018 నుంచి శనివారాలలో ప్రజలకు తన ప్రాంగణాన్ని చూపుతున్నది. లండనులో ఒకప్పుడు మిడిల్‌సెక్స్ గిల్డ్‌హాల్‌గా ఉండి, 2009 నుంచి ఆ దేశపు సుప్రీంకోర్టుగా మారిన భవనంలోకి విచారణ దినాలలో ఎవరైనా తనిఖీ ముగించుకొని పోయి వెనుక కూర్చుండవచ్చును, పని ఏమిటని అడుగరు. మన భవనాలను కట్టిన జాతివారు తమ ఊళ్లో పాటించే పద్ధతి అది. మనకు వదలిపెట్టి పోయినది వేరొక పద్ధతి. మనం వారసత్వంగా ఏది స్వీకరించవలెనో ఇంకా మనమే తేల్చుకొనలేదు. ప్రతి ఉన్నత న్యాయస్థాన ద్వారం దగ్గర, ప్రతి నగరసభ ద్వారం దగ్గర ఒక బోర్డు కావలె. ఈ రోజు ఏ గదిలో ఏ విచారణ, ఏ సభ, ప్రేక్షకులకు ఎన్ని ఆసనాలు, ఏ ద్వారం గుండా పోవలె అన్నది స్థానిక భాషలో అందులో ఉండవలె. తనిఖీ చేసే సిబ్బందికి ఆ బోర్డు ప్రతి ఒకటి ఇవ్వవలె. నగరసభ సమావేశపు తేదీ, చర్చాంశాలు వారం ముందుగా ప్రకటించవలె. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర లేదు, కొత్త భవనం అసలే అక్కర లేదు. చెన్నపట్నం న్యాయస్థానం ఏటేటా ద్వారాలు మూసివేసే ఆ ఒక్క దినాన్ని కూడా మార్చనక్కర లేదు, దాని అర్థాన్ని మార్చితే చాలు. ఆ రోజు న్యాయవాదులకు, అధికారులకు ద్వారాలు మూసి, ఊరివారికి తెరవవచ్చును.